యాప్ కావాలంటూ వచ్చిన ప్రపోజల్‌ను ఎలా చదవాలి?

కొత్త_ఆఫీసర్ | సోమవారం ఉదయం

అందరికీ నమస్తే. ఒక చిన్న ఫౌండేషన్‌లో గ్రాంట్ల పని చూస్తాను. చదువు, ఆరోగ్యం, మహిళా సంఘాల ప్రపోజల్స్ అయితే నాలుగు పేజీలు తిప్పేసరికి ఎక్కడ సరుకుంది, ఎక్కడ గాలి కొట్టారు అన్నది తెలిసిపోతుంది. ఈసారి ఒకేసారి మూడు టెక్నాలజీ ప్రపోజల్స్ వచ్చిపడ్డాయి. టెన్షన్ పట్టుకుంది.

మొదటిది ఇంటింటికీ తిరిగే ఆరోగ్య వాలంటీర్ల సంస్థ. 140 మంది వాలంటీర్లు. వాళ్లకి మొబైల్ యాప్, ఆఫీసుకి ఆ వివరాలన్నీ ఒక్క తెర మీద చూపే డ్యాష్‌బోర్డ్ కావాలట. వెండర్ కొటేషన్ కూడా జతచేశారు. రెండోది హింసకు గురైన మహిళలకు కౌన్సెలింగ్ చేసే సంస్థ, కేసుల రికార్డులకి సాఫ్ట్‌వేర్ అడుగుతోంది. మూడోది 25 ల్యాప్‌టాప్‌లు. కారణం ఒకే ఒక్క లైను: "పాతవి పనికిరావు".

మా బోర్డులో ఇద్దరు "టెక్నాలజీ అంటే ఓవర్‌హెడ్, 10 శాతం దాటనివ్వొద్దు" అంటారు (ఓవర్‌హెడ్ అంటే కార్యక్రమానికి కాకుండా సంస్థను నడపడానికి అయ్యే ఖర్చు). ఇంకొకాయన యాప్ అన్న మాట వినబడితే చాలు, సంతకం పెట్టేస్తారు. నేను సాఫ్ట్‌వేర్ మనిషిని కాను. ఏం అడగాలి? ఎంతవరకు అడగొచ్చు?

పాతసర్వర్ | సోమవారం మధ్యాహ్నం

ఇరవై ఏళ్లుగా స్వచ్ఛంద సంస్థలకు సిస్టమ్స్ పెడుతున్నాను. పెట్టినవాటిలో కొన్ని నేనే పీకేశాను కూడా. మీరు సాఫ్ట్‌వేర్ మనిషి కాకపోవడం ఇక్కడ లోటేమీ కాదండీ. నాలాంటివాళ్లు డెమో చూడగానే బొమ్మల్లో పడిపోతారు.

ఆ యాప్ ఏం చేస్తుందో చెప్పమని అడగకండి. అది వెండర్ నేర్పిన పాఠం, గడగడా అప్పజెబుతారు. ఇప్పుడు ఆ పని ఎలా జరుగుతోందో చూపించమనండి. వాలంటీర్ ఒక ఇంటికి వెళ్లింది, గర్భిణికి బీపీ ఎక్కువగా ఉంది. ఆ అంకె ఎక్కడ రాస్తుంది? ఆ కాగితం ఎవరి చేతికి, ఎన్ని రోజులకు చేరుతుంది? అది చూసి ఎవరైనా ఆ ఇంటికి మళ్లీ వెళ్తారా? ఈ దారి తడుముకోకుండా చెప్పగలిగితే మీ అనుమానాలు సగం తీరినట్టే. చెప్పలేకపోతే యాప్ వచ్చాక కూడా అదే గందరగోళం ఉంటుంది, కాకపోతే ఫోన్లో ఉంటుంది.

తర్వాత మనిషి సంగతి. ఈ సిస్టమ్‌ను చూసుకునేది ఎవరు? "మా టీమ్" అంటే ఒప్పుకోకండి, ఒక మనిషిని చూపించాలి. వారంలో ఎన్ని గంటలు దీనికి ఇస్తారు? ఆ గంటల్లో ఇప్పుడు చేస్తున్న పని ఎవరు చేస్తారు? నేను చూసినంతవరకు మూలనపడ్డ సాఫ్ట్‌వేర్లలో చాలావాటికి ఏ రోగమూ లేదు. చూసుకునే కుర్రాడు ఉద్యోగం మారాడు, అంతే.

ఇంకొకటి. ఇంతకుముందు పెట్టిన సిస్టమ్ ఏమైందని అడగండి. ప్రతి సంస్థలో ఒక చచ్చిపోయిన సిస్టమ్ ఉంటుంది. దాని కథ మొహమాటం లేకుండా చెప్పేవాళ్లకి నేనైతే ముందే మార్కులు వేస్తాను.

క్షేత్రం_నుంచి | సోమవారం సాయంత్రం

నేను అటువైపు మనిషిని. ప్రపోజల్స్ రాసేదాన్ని. కాస్త కటువుగా ఉంటే ఏమీ అనుకోకండి.

మాకు నిజంగా కావాల్సింది డేటా చూసుకునే ఒక మనిషి జీతం. అది రాస్తే "అడ్మిన్ ఖర్చు" అని కొట్టేస్తారు. అదే యాప్ అని రాస్తే మీటింగ్‌కి పిలుస్తారు. అందుకని యాప్ అని రాస్తాం. ఏనుగును కొనిస్తారు, అంకుశం దగ్గర బేరమాడతారు. మావటి జీతం సంగతి ఎత్తితే ఫోన్ పెట్టేస్తారు.

ఇంకా ఒక విషయం. మాకు నలుగురు దాతలు. నలుగురివీ నాలుగు రిపోర్ట్ ఫార్మాట్లు. ఒకరికి వయసు 0 నుంచి 5 వరకు కావాలి, ఇంకొకరికి 0 నుంచి 6. ఒకరు కుటుంబాలు లెక్కపెట్టమంటారు, ఇంకొకరు మనుషుల్ని. ఒకే ఎక్సెల్ షీటును నాలుగు రకాలుగా కోసి కుట్టడానికి ప్రతి మూడు నెలలకీ మా ఇద్దరు స్టాఫ్‌కి పది రోజులు పడుతుంది. అప్పుడు మేం "డ్యాష్‌బోర్డ్ కావాలి" అని రాస్తాం. ఆ ప్రపోజల్ మళ్లీ మీ దగ్గరికే వస్తుంది.

పాతసర్వర్ | సోమవారం సాయంత్రం

> ఏనుగును కొనిస్తారు, అంకుశం దగ్గర బేరమాడతారు.

ఇది మా ఆఫీసు గోడ మీద రాసుకుంటాను.

లెక్కల_పద్దు | సోమవారం రాత్రి

ఆడిటర్ని, అందుకని నా కన్ను బడ్జెట్ పేజీ మీదే ఉంటుంది. టెక్నాలజీ బడ్జెట్‌లో ఏముందన్నది కాదు, ఏ లైను లేదన్నది చూడండి. తయారీ ఖర్చు ఎప్పుడూ ఉంటుంది. ఇవి ఉండవు: పాత రికార్డులను కొత్త సిస్టమ్‌లోకి ఎక్కించే ముందు శుభ్రం చేయడం, ట్రైనింగ్, కొత్తగా చేరినవాళ్లకి మళ్లీ ట్రైనింగ్, హోస్టింగ్ (సర్వర్ అద్దె), లైసెన్స్ రెన్యువల్, పగిలిన ఫోన్లు, వాలంటీర్ల డేటా రీచార్జ్. 140 మంది ఉన్నచోట ఆ ఆఖరిదే నెలనెలా చిన్న జీతమంత అవుతుంది.

కొత్త_ఆఫీసర్ గారూ, మీ గ్రాంట్ ఎన్నేళ్లు? ఏడాదే అయితే అసలు చిక్కు అక్కడుంది. తయారుచేయడానికి ఎనిమిది నెలలు, నేర్చుకోవడానికి నాలుగు. అలవాటయ్యేసరికి డబ్బు అయిపోతుంది. మూడేళ్ల లెక్క వేయించండి, ఏటేటా ఖర్చు విడిగా. రెండో ఏడాది, మూడో ఏడాది గడుల్లో సున్నా ఉంటే ఆ సంస్థను తప్పుపట్టకండి. మీ ఫారంలో అసలు ఆ గడులు ఉన్నాయా చూడండి ముందు.

"ఉచితం" అన్న మాటను కూడా కాస్త గిల్లి చూడండి. మైక్రోసాఫ్ట్ స్వచ్ఛంద సంస్థలకు తన ఆఫీస్ సాఫ్ట్‌వేర్ బిజినెస్ ప్రీమియం లైసెన్సులు పది వరకు ఉచితంగా ఇచ్చేది. 2025 జులై తర్వాత రెన్యువల్ తేదీ వచ్చినవాళ్లకి అది ఆపేసింది. బిజినెస్ బేసిక్ ఉచితంగానే ఉంది, ప్రీమియం కావాలంటే తగ్గింపు ధరకు కొనుక్కోవాలి. దాతలు, సభ్యుల రికార్డుల సాఫ్ట్‌వేర్ అమ్మే సేల్స్‌ఫోర్స్ కూడా పది లైసెన్సులు ఊరికే ఇస్తుంది. కానీ దాన్ని మన పనికి తగ్గట్టు అమర్చే మనిషి ఊరికే రారు. ఇస్తే తీసుకోవద్దని కాదు, రేపు ఆగిపోతే ఏం చేస్తారన్నది రాయించండి.

సగంకోడ్ | మంగళవారం ఉదయం

డెవలపర్‌ని. యాప్ ప్రపోజల్ చూడగానే నా మొదటి ప్రశ్న: కొత్తగా కట్టడం ఎందుకు? ఫోన్‌తో ఇంటింటి వివరాలు సేకరించడం ఎప్పుడో తీరిన సమస్య. ఆ పనికే పుట్టిన ఓడీకే అనే సాఫ్ట్‌వేర్ 2008లో వాషింగ్టన్ యూనివర్సిటీలో మొదలైంది. కోబోటూల్‌బాక్స్ దాని మీదే పుట్టింది. రెండూ నెట్ లేకపోయినా పనిచేస్తాయి, సిగ్నల్ దొరికినప్పుడు పంపుతాయి. దాతలు, సభ్యుల రికార్డులకి సివిసీఆర్ఎం ఉంది. ప్రభుత్వ ఆరోగ్య శాఖలు లెక్కలకి వాడే డీహెచ్ఐఎస్2 ఆస్లో యూనివర్సిటీ వాళ్లది. ఇవి చూశారా, చూస్తే ఎందుకు సరిపోలేదు? జవాబులో ఒక నిర్దిష్టమైన కారణం ఉండాలి. "మా అవసరాలు ప్రత్యేకం" అనేది కారణం కాదు, అందరివీ ప్రత్యేకమే.

కట్టక తప్పదనుకుంటే కాంట్రాక్ట్ చూడండి. సోర్స్ కోడ్, అంటే రాసిన అసలు ప్రోగ్రామ్, ఎవరిది? సర్వర్ ఎవరి అకౌంట్‌లో ఉంటుంది? వెబ్‌సైట్ పేరు ఎవరి ఈమెయిల్ మీద రిజిస్టర్ చేశారు? నవ్వకండి, నేను చూసిన ఒక సంస్థ వెబ్‌సైట్ పేరు ఎప్పుడో మానేసిన వాలంటీర్ సొంత ఈమెయిల్ మీద ఉంది. రెన్యువల్ హెచ్చరికలన్నీ అతనికే వెళ్లాయి, అతను ఆ మెయిల్ తెరవడమే మానేశాడు. సైట్ పోయింది. మళ్లీ తెచ్చుకోవడానికి నాలుగు నెలలు.

డెమోకి పిలిస్తే రెండు పనులు చేయమనండి. ఒకటి, నెట్ ఆపేసి ఒక రికార్డు ఎక్కించమనండి. రెండు, తప్పుగా ఎక్కిన రికార్డును దిద్దమనండి. ఆ తర్వాత మొత్తం డేటాను మామూలు షీటుగా బయటికి తీసి చూపించమనండి. ఇక్కడ తడబడితే, రేపు వెండర్‌తో తగాదా వచ్చిననాడు మీ డేటా అక్కడే తాకట్టులో ఉండిపోతుంది.

(రెండు అని మూడు చెప్పాను. కోడ్ కూడా ఇలాగే రాస్తాను.)

గట్టుమీద | మంగళవారం మధ్యాహ్నం

ఇదంతా చదువుతుంటే ఆయాసం వస్తోంది. ఆ సంస్థ పదిహేనేళ్లుగా పనిచేస్తోంది. వాళ్లకేం కావాలో వాళ్లకి తెలియదా? నమ్మి షరతుల్లేని డబ్బు ఇచ్చేయండి, ల్యాప్‌టాప్ కొంటారో మనిషిని పెట్టుకుంటారో వాళ్లిష్టం. చిన్న గ్రాంట్ కోసం ఇన్ని ప్రశ్నలు అడిగితే, జవాబులు రాయడానికి అయ్యే ఖర్చు గ్రాంట్‌లో సగం ఉంటుంది. ఇది మదింపు కాదు, ఇంటరాగేషన్.

క్షేత్రం_నుంచి | మంగళవారం మధ్యాహ్నం

గట్టుమీద గారి మాటకు చెయ్యెత్తి దండం పెడతాను. అయినా ఒక చోట ఒప్పుకోలేను. మాకు సాఫ్ట్‌వేర్ కొనడం రాదండీ. ఆరోగ్యం వచ్చు, కౌన్సెలింగ్ వచ్చు. వెండర్ వచ్చి కూర్చుంటే ఏ ప్రశ్న వేయాలో తెలియదు. ఆరేళ్ల కిందట పైన సగంకోడ్ గారు అడిగిన ప్రశ్నలు మా దాత అడిగి ఉంటే, మేం ఒక పెద్ద తప్పు నుంచి బయటపడేవాళ్లం. డబ్బు పోయింది సరే, రెండేళ్ల రికార్డులు తిరిగి రాలేదు. వెండర్ ఫోన్ ఎత్తడం మానేశాడు.

అడగండి. కానీ ఫారంలో కాదు, ఫోన్లో అడగండి. గంట మాట్లాడితే తేలిపోయే సంగతికి పద్నాలుగు పేజీలు రాయించొద్దు.

గట్టుమీద | మంగళవారం సాయంత్రం

సరే, ఫోన్ అయితే ఒప్పుకుంటాను. అయినా బోర్డు పెట్టిన ఆ 10 శాతం రూలు మాత్రం తీసిపారేయాలి. ఫోర్డ్ ఫౌండేషన్ అంతటిది కూడా 2016లో ప్రాజెక్ట్ గ్రాంట్లలో పరోక్ష ఖర్చుల (అంటే ఓవర్‌హెడ్) వాటాను 10 నుంచి 20 శాతానికి పెంచింది. పాతది చాలడం లేదని తెలిసే కదా పెంచింది.

లెక్కల_పద్దు | మంగళవారం సాయంత్రం

ఇంకో మెలిక ఉంది. వాలంటీర్ ఫోన్లో వివరాలు ఎక్కించడం కార్యక్రమంలో భాగమే, ఓవర్‌హెడ్ కాదు. ఏది ఏ పద్దు కిందకి వస్తుందో బోర్డుకి ముందే విడమరిచి చెబితే సగం గొడవ ఉండదు.

తాళంచెవి | మంగళవారం రాత్రి

రెండో ప్రపోజల్ గురించి ఎవరూ మాట్లాడలేదేం? మూడింటిలోకీ భయపడాల్సింది అదే.

హింసకు గురైన మహిళల కేసులు. పేరు, ఇప్పుడు ఎక్కడ ఉంటోంది, పిల్లలు ఏ బడి. ఈ వివరాలు బయటికి పొక్కితే పోయేది డబ్బు కాదు. 2022 జనవరిలో అంతర్జాతీయ రెడ్ క్రాస్ కమిటీ తన సర్వర్ల మీద దాడి జరిగిందని ప్రకటించింది. 5,15,000 మందికి పైగా వివరాలు. యుద్ధాల్లో కుటుంబాల నుంచి తప్పిపోయినవాళ్లు, ఖైదీలు, అలాంటివాళ్లవి. దాడి చేసినవాళ్లు లోపలికి వచ్చింది 2021 నవంబర్‌లో, బయటపడింది 70 రోజుల తర్వాత. దారి దొరికింది ఎక్కడంటే, సకాలంలో ప్యాచ్ (లోపాన్ని పూడ్చే అప్‌డేట్) వేయని ఒక లోపం దగ్గర. అంత పెద్ద సంస్థకే అలా జరిగింది.

కాబట్టి ఆ సంస్థను అడగాల్సినవి: ఒక కేసు ఫైలును ఎంతమంది తెరవగలరు? ఎవరు తెరిచారో నమోదవుతుందా? ఉద్యోగం మానేసిన మనిషి లాగిన్ అదే రోజు తీసేస్తారా? కేసు ముగిశాక ఎన్నేళ్లు ఉంచుతారు, ఎప్పుడు చెరిపేస్తారు? కౌన్సెలర్ ఫోన్ పోతే? అసలు ఈ వివరాలన్నీ తీసుకోవాల్సిన పని ఉందా? అన్నిటికన్నా భద్రంగా ఉండేది మన దగ్గర లేని డేటానే.

వాళ్ల దగ్గరికి వెళ్తే "స్క్రీన్ చూపించండి" అనకండి. అడగ్గానే అసలు కేసు తెరిచి చూపిస్తే అదే మీకు దొరికిన జవాబు. అది మంచి జవాబు కాదు.

సగంకోడ్ | మంగళవారం రాత్రి

ఆఖరి రెండు లైన్లు చదివి కాసేపు ఆగిపోయాను. మా క్లయింట్లందరూ డెమోలో అసలు డేటానే తెరుస్తారు.

విత్తనం | బుధవారం ఉదయం

మధ్యలో దూరుతున్నందుకు సారీ. నా దగ్గర ఏఐ చాట్‌బాట్ ప్రపోజల్ ఉంది. రైతులడిగే ప్రశ్నలకు అదే జవాబిస్తుందట. ఎలా చూడాలి?

పాతసర్వర్ | బుధవారం ఉదయం

ఇప్పుడు ఆ ప్రశ్నలకు జవాబిస్తున్నది ఎవరు? రోజుకి ఎన్ని వస్తున్నాయి? వచ్చిన ప్రశ్నలు, ఇచ్చిన జవాబులు ఎక్కడైనా రాసిపెట్టారా?

విత్తనం | బుధవారం ఉదయం

లేదు సర్. హెల్ప్‌లైన్ ఇంకా మొదలుపెట్టలేదు. చాట్‌బాట్‌తోనే మొదలుపెడతారట.

పాతసర్వర్ | బుధవారం ఉదయం

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

ముందు ఇద్దరు మనుషులతో మూడు నెలలు ఫోన్లో జవాబులు చెప్పించడానికి డబ్బు ఇవ్వండి. ఏం అడుగుతున్నారో తెలుస్తుంది. తప్పు సలహాతో పంట పోతే బాధ్యత ఎవరిదన్న ప్రశ్న కూడా అప్పుడే ఎదురవుతుంది. అప్పటికీ చాట్‌బాట్ కావాలనిపిస్తే మాట్లాడుకుందాం.

లెక్కల_పద్దు | బుధవారం మధ్యాహ్నం

పైలట్ల గురించి, అంటే ముందు చిన్నగా నడిపి చూసే ప్రయోగాల గురించి, ఒక ముక్క. 2012లో యుగాండా ఆరోగ్య శాఖ కొత్త ఈ-హెల్త్ ప్రాజెక్టులన్నీ ఆపమని ఆదేశించింది. ఎందుకంటే ఒక్కో దాత ఒక్కో పైలట్ పెట్టాడు, ఒకదానితో ఒకటి మాట్లాడవు, ఏదీ పెద్దదవదు. పని చేయాల్సిన ఆరోగ్య కార్యకర్త మాత్రం ఒక్కతే. ఏ ప్రపోజల్ వచ్చినా, ఇదే పనికి ఆ ప్రాంతంలో ఇప్పటికే ఏ సిస్టమ్ నడుస్తోందో అడగడం అందుకే. ఇది దాతలు ఒకరినొకరు అడగాల్సిన ప్రశ్న కూడా. మనం అడగం.

కొత్త_ఆఫీసర్ | రెండు వారాల తర్వాత, శుక్రవారం

అందరికీ థ్యాంక్స్. మూడు సంస్థలతోనూ మాట్లాడాను, రెండింటి దగ్గరికి వెళ్లాను. జరిగింది జరిగినట్టు చెబుతాను.

ల్యాప్‌టాప్‌ల సంగతి తేలిగ్గా తేలిపోయింది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆగిపోయింది కదా, వాళ్ల మెషీన్లు విండోస్ 11 తీసుకోవు. ఆ ముక్క ప్రపోజల్‌లో రాసి ఉంటే నేను అనుమానపడేదాన్నే కాదు. "రాస్తే అర్థం కాదేమో అనుకున్నాం మేడం" అన్నారు. ఒక్కో మెషీన్ మీద ఎవరు ఏం పని చేస్తారో లిస్ట్ అడిగాను. 25లో 11 కొత్తవి కావాలి. తొమ్మిదింటిలో బ్రౌజర్ తప్ప ఏమీ వాడరు, వాటిలో విండోస్ బదులు లినక్స్ వేసి చూస్తామన్నారు, ఒక కుర్రాడు ఉత్సాహంగా ఉన్నాడు. మిగతా ఐదు అసలు ఎవరూ తెరవడం లేదు.

కౌన్సెలింగ్ సంస్థ డైరెక్టర్ నన్ను లోపల గదిలోకి రానివ్వలేదు. "ఇక్కడ ఎవరైనా ఉండొచ్చు, మీరు చూడకూడదు" అన్నారు. తాళంచెవి గారి మాట గుర్తొచ్చి లోలోపల సంతోషించాను. వాళ్ల దగ్గర కాగితం ఫైళ్లు, ఇనప బీరువా, రెండు తాళాలు. కేసు ముగిశాక ఎన్నేళ్లు ఉంచాలన్నది మాత్రం ఎప్పుడూ అనుకోలేదట. నెల రోజులు ఆగి, ఎవరు ఏం చూడొచ్చు, ఎప్పుడు చెరిపేయాలి అన్నది రాసుకుని మళ్లీ వస్తామన్నారు. సాఫ్ట్‌వేర్ తర్వాతే. దానికి ఒక సలహాదారు ఫీజు మేం ఇస్తున్నాం.

ఇక యాప్. పాతసర్వర్ గారు చెప్పినట్టే ఒక బీపీ అంకె వెంట పడి వెళ్లాను. వాలంటీర్ రిజిస్టర్, అక్కడినుంచి సూపర్‌వైజర్ కాగితం, అక్కడినుంచి ఆఫీసు ఎక్సెల్. పద్దెనిమిది రోజులు. కానీ ప్రమాదంలో ఉన్న గర్భిణి ఉంటే వాలంటీర్ అదే సాయంత్రం నర్సుకి ఫోన్ చేస్తుంది! అంటే ప్రాణం కాపాడే దారి ఇప్పటికే నడుస్తోంది. పద్దెనిమిది రోజుల దారి మొత్తం రిపోర్టుల కోసం. ఎక్సెల్‌లో 62 కాలమ్స్ ఉన్నాయి. డేటా ఎంట్రీ చేసే అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని ఏది ఎవరి కోసమో అడిగాను. వాళ్ల సొంత పనికి వాడేవి 17. మిగతావి దాతల కోసం.

అందులో 14 మావి.

క్షేత్రం_నుంచి | శుక్రవారం

😂😂 చెప్పానా లేదా!

కొత్త_ఆఫీసర్ | శుక్రవారం

చెప్పారు. ఆ 14 మా ఆఫీసులో ఎవరు చదువుతారని వెతికితే, నాలుగు తప్ప మిగతావి ఎవరూ తెరవడం లేదు. అవి నా ముందున్న ఆఫీసర్ హయాంలో చేరాయట. తీసేశాం.

యాప్ కొటేషన్ పక్కన పెట్టారు. ముందు 15 మంది వాలంటీర్లతో రెండు నెలలు కోబోటూల్‌బాక్స్ మీద నడిపి చూస్తారు. దానికి ఫోన్లు, రీచార్జ్, ఆ డేటా ఎంట్రీ అమ్మాయికి పూర్తి జీతం రెండేళ్లకి అడుగుతున్నారు. మొత్తం కలిపితే వెండర్ కొటేషన్ కన్నా తక్కువే. కానీ జీతం లైను చూసి బోర్డులో గొడవ తప్పదు. "యాప్ ఏదమ్మా?" అని యాప్ అంటే సంతకం పెట్టేసే ఆయన అడుగుతారు, నాకు తెలుసు.

లెక్కల_పద్దు | శుక్రవారం

ఆ అమ్మాయి జీతం కార్యక్రమం పద్దులో చూపించండి. అది నిజం కూడా. ఇంకా, 15 మందితో నడిపాక ఏం జరిగితే 140 మందికి వెళ్తారు, ఏం జరిగితే ఆపేస్తారు అన్నది ఇప్పుడే రాయించండి. ఆపేస్తే మిగిలిన డబ్బు వెనక్కి అడగబోమని మీరు కూడా రాసివ్వండి. లేకపోతే బాగా నడవకపోయినా బ్రహ్మాండంగా నడిచిందనే రిపోర్టే వస్తుంది.

సగంకోడ్ | శుక్రవారం

కోబోలో వాలంటీర్లు నింపే ఫారం తయారుచేయడానికి చేయి కావాలంటే చెప్పండి, ఒక శనివారం కూర్చుంటాను. ఫ్రీనే. పైన లెక్కల_పద్దు గారు చెప్పినట్టు, రేపు నేను ఆపేస్తే ఏం చేస్తారో మాత్రం రాసుకోండి.

కొత్త_ఆఫీసర్ | శుక్రవారం రాత్రి

తప్పకుండా చెబుతాను, మీ నంబర్ మెసేజ్‌లో పెట్టండి. బోర్డు మీటింగ్ వచ్చే గురువారం. ఆ బీపీ అంకె ప్రయాణాన్ని ఒక్క పేజీలో బొమ్మగా గీశాను, పద్దెనిమిది రోజులూ కనబడేలా. ఆయనకి అదే ముందు చూపిస్తాను. ఏమైందో ఇక్కడే రాస్తాను.